లేజర్ తరిమిన ప్రోటాన్లతో సంలీన ఇంధనానికి నిప్పు: లెక్క ఎక్కడ ఆగింది?

కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో 1990ల చివర నోవా లేజర్‌కు అనుబంధంగా ఒక పెటావాట్ పుంజం పనిచేసేది. పెటావాట్ అంటే వంద కోట్ల మెగావాట్లు. అయితే ఆ సామర్థ్యం నిలిచేది సెకనులో లక్ష కోట్ల వంతుకు అటూ ఇటూగా మాత్రమే. ఆ పుంజాన్ని పలుచటి రేకుల మీద, బంగారు రేకుల మీద కూడా, కొట్టి చూసినప్పుడు రేకు వెనక ముఖం నుంచి, ఆ ముఖానికి లంబంగా, ప్రోటాన్ల ధార దూసుకొచ్చింది. విడి ప్రోటాన్ అంటే హైడ్రోజన్ కేంద్రకమే. బంగారంలో హైడ్రోజన్ ఉండదు కదా, మరి ప్రోటాన్లు ఎక్కడివి? ప్రయోగ పేటికలోంచి గాలిని ఎంత తోడేసినా నీటి ఆవిరి, పంపుల నూనె ఆవిరి మిగిలి రేకు మీద కొన్ని నానోమీటర్ల మందాన పొరగా పేరుకుంటాయి. ప్రోటాన్లు వచ్చింది ఆ మురికి పొరలోని హైడ్రోజన్ నుంచే. రిచర్డ్ స్నేవ్లీ బృందం 2000లో ప్రచురించిన లెక్క ప్రకారం కొన్ని ప్రోటాన్ల శక్తి 58 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దాకా చేరింది (ఒక్కో కణం శక్తిని కొలిచే ప్రమాణం ఎలక్ట్రాన్ వోల్టు). 10 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడిన ప్రోటాన్లు సుమారు 20 లక్షల కోట్లు. అవన్నీ కలిసి మోసుకొచ్చిన శక్తి 48 జౌళ్ళు, అంటే లేజర్ ఇచ్చిన దానిలో 12 శాతం.

48 జౌళ్ళతో ఒక చెంచాడు నీళ్ళు కూడా వెచ్చబడవు. అయినా ఆ ఫలితం వెలువడిన మరుసటి ఏడాదే, 2001లో, జర్మనీకి చెందిన మార్కస్ రోత్, ఆయన సహచరులు ఒక ప్రతిపాదన ముందుంచారు. కేంద్రక సంలీన ఇంధనాన్ని ముందుగా నొక్కిపెట్టి, సరిగ్గా ఆ క్షణాన ఇలాంటి ప్రోటాన్ ధారతో ఒక మూల అంటిస్తే ఎలా ఉంటుందన్నది దాని సారాంశం. ఆ పనికి కావలసింది 48 జౌళ్ళు కాదు, దాదాపు 18,000 జౌళ్ళు. ఈ రెండు అంకెల మధ్య దూరంలోనే ఈ రంగం పాతికేళ్ళుగా నడుస్తోంది. లేజర్‌తో అయాన్లను, అంటే ప్రోటాన్ల లాంటి విద్యుదావేశం గల పరమాణువులను, వేగంగా పరిగెత్తించడం ఇప్పుడు చాలా ప్రయోగశాలలకు చేతనైన పనే. తగినన్ని అయాన్లను, తగిన చోటికి, తగిన గడువులో చేర్చడం మాత్రం ఇంకా ఎవరికీ పట్టుబడలేదు.

అసలు అంటించవలసిన ఇంధనం సంగతి ముందు చూడాలి. హైడ్రోజన్‌కు బరువైన రెండు రూపాలున్నాయి: డ్యుటీరియం, ట్రిటియం. వీటి కేంద్రకాలు కలిసిపోతే ఒక హీలియం కేంద్రకం, ఒక న్యూట్రాన్ పుట్టి, 17.6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి విడుదలవుతుంది. అందులో 14.1 మిలియన్‌ను న్యూట్రాన్ తీసుకొని వెళ్ళిపోతుంది, మిగిలిన 3.5 హీలియం కేంద్రకానిది. హీలియం కేంద్రకానికి విద్యుదావేశం ఉంది కాబట్టి అది ఎక్కువ దూరం పోలేక చుట్టూ ఉన్న ఇంధనంలోనే ఆగి దాన్ని వేడెక్కిస్తుంది. ఆ వేడి పక్కనున్న పొరను మండిస్తుంది, ఆ పొర దాని పక్క పొరను. మంట తనంతట తాను పాకాలంటే మొదట రాజుకున్న చోట రెండు షరతులు తీరాలి. ఉష్ణోగ్రత పది కోట్ల డిగ్రీల స్థాయికి చేరాలి. హీలియం కేంద్రకాలు బయటికి జారిపోకుండా ఆగేటంత ఇంధనం ఆ చోట దట్టంగా పోగై ఉండాలి. ఈ రెండో షరతు కోసమే ఇంధనాన్ని ఘన రూపంలో ఉండే సాంద్రతకు వెయ్యి రెట్లకు పైగా నొక్కవలసి వస్తుంది. ఘన డ్యుటీరియం-ట్రిటియం మంచు ఘన సెంటీమీటరుకు పావు గ్రాము తూగుతుంది. నొక్కిన తరవాత అదే పరిమాణంలో 300 గ్రాములు ఇమడాలి, అంటే సీసం కన్నా పాతిక రెట్లకు పైగా దట్టంగా.

లేజర్లతో ఇంత గట్టిగా నొక్కవచ్చని జాన్ నకోల్స్, ఆయన సహచరులు 1972లోనే బహిరంగంగా ప్రతిపాదించారు. దానికి ప్రామాణిక మార్గంగా స్థిరపడినది నొక్కడాన్నీ వేడెక్కించడాన్నీ ఒకే దెబ్బతో సాధించే పద్ధతి. ఇంధనపు గుళిక సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో అన్ని వైపుల నుంచీ లోపలికి కూలుతుంది. ఆ కూలుడులో నడిమధ్య చిక్కుకున్న కాస్త ఇంధనం నలిగి నలిగి వేడెక్కి రాజుకుంటుంది. లివర్‌మోర్‌లోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ 192 లేజర్ పుంజాలతో 2022 డిసెంబరు 5న సాధించినది ఇదే. ఆనాడు 2.05 మెగాజౌళ్ళ లేజర్ శక్తి లక్ష్యానికి చేరగా 3.15 మెగాజౌళ్ళ సంలీన శక్తి వెలువడింది. ఆ తరవాత దాన్ని మించిన ఫలితాలూ వచ్చాయి. కాబట్టి ఇంధనాన్ని అసలు అంటించగలమా అన్న సందేహానికి ఇప్పుడు తావు లేదు. అయితే ఆ పద్ధతి కోరే గోళాకార కచ్చితత్వం మామూలుది కాదు. గుళికను నలిపే ఒత్తిడి ఒక వైపు కాస్త ఎక్కువైనా, గుళిక పైపొరలో కంటికి కనపడని గరుకుదనం ఉన్నా, కూలే వేగం పెరిగేకొద్దీ ఆ లోపమూ పెరిగి, చల్లటి పదార్థం నడిమధ్య వేడి బిందువులోకి చొరబడి దాన్ని ఆర్పేస్తుంది.

అలాంటప్పుడు నొక్కే పనిని, అంటించే పనిని విడదీస్తే? డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం నొక్కుడు వేడికే మండుతుంది; పెట్రోల్ ఇంజిన్‌లో ఓ మోస్తరుగా నొక్కి, స్పార్క్ ప్లగ్‌తో అంటిస్తారు. 1994లో లివర్‌మోర్‌కే చెందిన మాక్స్ టబాక్, ఆయన సహచరులు సంలీనానికి ఈ రెండో దారిని ప్రతిపాదించారు. దీన్ని త్వరిత జ్వలనం అంటారు. ఇంధనాన్ని చల్లగానే, తక్కువ వేగంతో నొక్కుతారు. నడిమధ్య వేడి బిందువు అక్కర్లేదు కాబట్టి గోళాకారం కొంత తప్పినా ఫర్వాలేదు. పైగా అదే లేజర్ శక్తితో ఎక్కువ ఇంధనాన్ని నొక్కవచ్చు, ఎక్కువ ఇంధనం అంటే ఎక్కువ రాబడి. ఇందుకు తగిన నిప్పురవ్వ 1985లో డోనా స్ట్రిక్‌ల్యాండ్, జెరార్డ్ మూరూ కనిపెట్టిన పద్ధతి వల్ల సాధ్యపడింది. లేజర్ తుళ్ళింతను (పల్స్‌ను) ముందు కాలంలో సాగదీసి, నెమ్మదిగా బలపరిచి, చివర్లో మళ్ళీ దగ్గరికి నొక్కే ఆ పద్ధతికే 2018లో వారికి నోబెల్ బహుమతి దక్కింది.

ఆ నిప్పురవ్వ ఎంత పెద్దది కావాలి? ఇటలీ భౌతిక శాస్త్రవేత్త స్టెఫానో అట్జెని కంప్యూటర్ అనుకరణల నుంచి రాబట్టిన సూత్రాన్ని ఈ రంగంలో అందరూ వాడతారు. సాంద్రత ఘన సెంటీమీటరుకు 300 గ్రాములు అయినప్పుడు, ఆ సూత్రం ప్రకారం సుమారు 18 కిలోజౌళ్ళ శక్తిని, 20 మైక్రాన్ల వ్యాసార్థం గల చోట, 20 పికోసెకన్లలో పొయ్యాలి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతు. ఈ 20 అనే గడువు ఎవరో ఇష్టప్రకారం పెట్టుకున్నది కాదు. పది కోట్ల డిగ్రీల వేడిలో ఉన్న ప్లాస్మాలో, అంటే ఎలక్ట్రాన్లు, కేంద్రకాలు విడిపోయిన పదార్థంలో, శబ్దం సెకనుకు వెయ్యి కిలోమీటర్ల స్థాయి వేగంతో పోతుంది. 20 మైక్రాన్ల వేడి ముద్ద విచ్చుకోవడానికి దానికి పట్టే సమయం దాదాపు 20 పికోసెకన్లే. అంతకన్నా ఆలస్యంగా వచ్చే శక్తి, అప్పటికే విచ్చుకుపోయి చల్లబడుతున్న ముద్దలో పడుతుంది. ఈ మూడు అంకెలను, అంటే 18 కిలోజౌళ్ళు, 20 మైక్రాన్లు, 20 పికోసెకన్లు, గుర్తుంచుకుంటే తరవాతి చర్చ అంతా వాటికి తగిలే అడ్డంకుల గురించే.

టబాక్ ప్రతిపాదనలో శక్తిని మోయవలసినవి ఎలక్ట్రాన్లు. తీవ్రమైన లేజర్ ఘన పదార్థాన్ని తాకగానే మొదట ఎగిరిపడేవి అవే కాబట్టి ఆ ఎంపిక సహజమైనదే. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయం గెక్కో లేజర్‌తో, బంగారు శంకువును గుచ్చిన గుళికల మీద చేసిన ప్రయోగంలో న్యూట్రాన్ల సంఖ్య సుమారు వెయ్యి రెట్లు పెరిగిందన్న ఫలితం 2002లో వెలువడినప్పుడు చాలా ఆశలు చిగురించాయి. కానీ ఎలక్ట్రాన్లు తేలికవి. విశాలమైన కోణంలో విచ్చుకుపోతాయి. లేజర్ తీవ్రత పెంచితే వాటి శక్తి మితిమీరి, ఆగవలసిన చోట ఆగక ఇంధనంలోంచి అవతలికి దూరిపోతాయి. ఒక్కొక్కటి ఒక మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టు చొప్పున 18 కిలోజౌళ్ళను 20 పికోసెకన్లలో మోయాలంటే వాటి ప్రవాహం 90 కోట్ల ఆంపియర్ల దాకా పోతుంది. అంతటి ప్రవాహం తానే సృష్టించుకునే అయస్కాంత క్షేత్రాల్లో మెలికలు తిరిగి చీలిపోతుంది. ఎలక్ట్రాన్ మార్గాన్ని అందరూ వదిలేశారనలేము గానీ, తిన్నగా పోయే వాహకం కోసం చూపు అయాన్ల వైపు మళ్ళడానికి కారణం ఇదే.

ప్రోటాన్ ఎలక్ట్రాన్ కన్నా 1,836 రెట్లు బరువైనది. ఇంధనంలోని ఎలక్ట్రాన్లను ఢీకొంటూ పోతున్నా దాని దారి పెద్దగా వంగదు. శక్తిని దారి పొడవునా సమంగా చల్లుకుంటూ పోకుండా, ఆగబోయే ముందు ఎక్కువగా వదులుతుంది; క్యాన్సర్ చికిత్సలో ప్రోటాన్లను వాడేది కూడా ఈ గుణం కోసమే. పైగా లేజర్ తరిమిన ప్రోటాన్ ధారతో పాటు దాదాపు అన్నే ఎలక్ట్రాన్లు ప్రయాణిస్తాయి కాబట్టి ధార మొత్తానికి విద్యుదావేశం ఉండదు. ఒకే ఆవేశం గల కణాలు ఒకదాన్నొకటి తోసుకొని చెదిరిపోయే పరిస్థితి, మామూలు యాక్సిలరేటర్లలో పెద్ద తలనొప్పి, ఇక్కడ చాలావరకు తప్పుతుంది.

ఇంతకీ రేకు వెనక జరిగేదేమిటి? లేజర్ రేకు ముందు ముఖాన్ని తాకగానే అక్కడి ఎలక్ట్రాన్లు కాంతి వేగానికి దగ్గరి వేగంతో రేకులోంచి వెనక్కి దూసుకుపోతాయి. వెనక ముఖం దాటి శూన్యంలోకి తొంగిచూసిన ఎలక్ట్రాన్లను, వదిలివచ్చిన ధనావేశం మళ్ళీ వెనక్కి లాగుతుంది. అలా వెనక ముఖాన్ని అంటిపెట్టుకొని ఒక ఎలక్ట్రాన్ మబ్బు ఏర్పడుతుంది. ఆ మబ్బుకీ రేకుకీ మధ్య కొన్ని మైక్రాన్ల దూరంలో మీటరుకు లక్ష కోట్ల వోల్టుల స్థాయి విద్యుత్ క్షేత్రం నెలకొంటుంది. రేడియో తరంగాలతో పనిచేసే యాక్సిలరేటర్లలో ఇది సాధారణంగా మీటరుకు కొన్ని కోట్ల వోల్టుల స్థాయిలోనే ఉంటుంది. వెనక ముఖం మీది పొరలో అన్నిటికన్నా తేలికైన కేంద్రకం ప్రోటాన్ కాబట్టి క్షేత్రం దాన్నే ముందు పట్టి లాగుతుంది. బరువైన కార్బన్, ఆక్సిజన్ అయాన్లు కదిలేలోగా ప్రోటాన్లు శక్తిలో సింహభాగం కాజేస్తాయి. వెనక ముఖం నున్నగా, చల్లగా, అంచు తెగినట్టు ఉంటేనే ఈ ఏర్పాటు పనిచేస్తుంది. అసలు తుళ్ళింతకు ముందు వచ్చే బలహీనమైన లేజర్ వెలుగు, కొన్ని నానోసెకన్లు ముందు వచ్చినా, రేకును కాల్చి వెనక ముఖాన్ని ఆవిరి చేసేస్తుంది. అందుకే ఈ ప్రయోగాలు చేసేవారు లేజర్ శిఖర తీవ్రత గురించి ఎంత మాట్లాడుతారో, దాని ముందు చీకటి ఎంత చిక్కగా ఉందన్న దాని గురించీ అంతే మాట్లాడుతారు. హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ ప్రాంగణంలోనూ లేజర్ ప్లాస్మాతో కణాలను వేగవంతం చేసే పరిశోధన సాగుతోంది. అక్కడి లక్ష్యం సంలీన జ్వలనం కాకపోయినా మూలసూత్రాలు ఇవే.

ఇక గడువు సంగతి. ఇలా పుట్టిన ప్రోటాన్లన్నీ ఒకే శక్తితో రావు. తక్కువ శక్తివి కొల్లలుగా, ఎక్కువ శక్తివి కొద్దిగా ఉంటాయి. ఇంధనాన్ని వేడెక్కించడానికి పనికొచ్చేవి స్థూలంగా 3 నుంచి 15 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల మధ్యవి. 15 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ సెకనుకు సుమారు 53 వేల కిలోమీటర్ల వేగంతో పోతుంది, 3 మిలియన్‌ది 24 వేల కిలోమీటర్ల వేగంతో. రేకుకూ ఇంధనానికీ మధ్య ఒక మిల్లీమీటరు దూరం ఉందనుకుందాం. వేగంగా పోయేది 19 పికోసెకన్లలో చేరుతుంది, నెమ్మదిది 42 పికోసెకన్లు తీసుకుంటుంది. మధ్య తేడా 23. అంటే మన గడువు అయిన 20 పికోసెకన్లను కొంచెం మించి. రేకును సెంటీమీటరు దూరం జరిపితే ఈ తేడా 230 అవుతుంది. అప్పుడు శక్తి మొత్తం చేరేసరికి ముద్ద ఎప్పుడో చెదిరిపోయి ఉంటుంది. రేకును ఇంధనానికి మిల్లీమీటరు దరిదాపుల్లో పెట్టక తప్పకపోవడానికి ఈ కాస్త గుణకారమే కారణం, ఇంకే సిద్ధాంతమూ అక్కర్లేదు.

ఈ వేగాల తేడా పూర్తిగా శత్రువు మాత్రం కాదు. ముందుగా చేరేవి ఎక్కువ శక్తిగల ప్రోటాన్లు. అవి చల్లటి ఇంధనంలో తమ దూరం పోయి ఆగుతాయి, ఇంధనం వేడెక్కుతుంది. వేడెక్కిన ఇంధనంలోని ఎలక్ట్రాన్లు ఎంత చురుగ్గా కదులుతాయంటే, పది కోట్ల డిగ్రీల వద్ద వాటి వేగం కాంతి వేగంలో ఐదో వంతుకు చేరుతుంది. 5 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ వేగమేమో అందులో సగమే. తనకన్నా వేగంగా తిరిగే ఎలక్ట్రాన్ల మధ్య పోయే ప్రోటాన్‌కు తగిలే నిరోధం తగ్గిపోతుంది. అందువల్ల వెనక వచ్చే తక్కువ శక్తి ప్రోటాన్లు కూడా, ముందు వచ్చినవి వేడి చేసిన ఇంధనంలో, తమ స్థాయికి మించిన దూరం లోపలికి వెళ్ళగలుగుతాయి. ముందు వచ్చినవాటికీ వెనక వచ్చినవాటికీ చేరే లోతు ఇంచుమించు ఒకటే అవుతుంది. ప్రకృతి ఈ ఒక్క విషయంలో మనవైపు మొగ్గిందనిపిస్తుంది, మిగతా విషయాల్లో అంత దయ చూపలేదు.

ఇంధనానికి మిల్లీమీటరు దూరంలో రేకు పెట్టడమంటే కూలుతున్న గుళిక పక్కనే పెట్టడమన్నమాట. గుళికను నలిపే లేజర్ల వేడి, ఎక్స్ కిరణాలు, ఎగిరే ప్లాస్మా రేకును తాకితే, ఇంతకుముందు చెప్పిన నున్నటి చల్లటి వెనక ముఖం మిగలదు. అందుకే గుళికకు ఒక బోలు బంగారు శంకువును గుచ్చి, దాని లోపల రేకును దాస్తారు. శంకువు కొన గుళిక కేంద్రానికి దగ్గరగా ఉంటుంది. లేజర్ శంకువు వెడల్పు వైపు నుంచి లోపలికి వచ్చి రేకును తాకుతుంది. రేకును బల్లపరుపుగా కాక గిన్నె ఆకారంలో చేస్తే, ముఖానికి లంబంగా బయలుదేరే ప్రోటాన్లు వంపు కేంద్రం వైపు కలిసివస్తాయి. లివర్‌మోర్ బృందం అర్ధగోళపు రేకుతో ప్రోటాన్లను కూడగట్టి అల్యూమినియంను వేడెక్కించిన ఫలితం 2003లో వచ్చింది. లాస్ అలమోస్‌లోని ట్రైడెంట్ లేజర్‌తో చేసిన ప్రయోగాలు, శంకువు గోడల దగ్గర ఏర్పడే విద్యుత్ క్షేత్రాలు కూడా ధారను దగ్గరికి తెస్తాయని 2012లో చూపాయి. ఇవన్నీ కొన్ని పదుల జౌళ్ళ స్థాయిలో జరిగినవి. పదుల కిలోజౌళ్ళు పారేటప్పుడు ధారలోని వేడి ఎలక్ట్రాన్ల ఒత్తిడే ధారను విచ్చుకునేలా చేస్తుందా, 20 మైక్రాన్ల గురి నిలుస్తుందా అన్నది అనుకరణలు చెప్పవలసిందే తప్ప ప్రయోగం చెప్పినది కాదు. ఇంకో చిక్కు శంకువు కొనది. అది పలుచగా ఉంటే కూలుడు తాకిడికి ముందే చిల్లుపడుతుంది. మందంగా ఉంటే ప్రోటాన్లు బంగారపు బరువైన కేంద్రకాలను తగిలి చెదిరిపోతాయి. పైగా బంగారం ఇంధనంలో కాస్త కలిసినా వేడిని ఎక్స్ కిరణాలుగా బయటికి వెదజల్లేస్తుంది.

ఎన్ని ప్రోటాన్లు కావాలన్న లెక్క ఇంకా ఆసక్తికరం. సగటున 5 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల చొప్పున 18 కిలోజౌళ్ళకు దాదాపు 225 కోటి కోట్ల ప్రోటాన్లు కావాలి. 2000 నాటి ప్రయోగంలో లెక్కతేలిన 20 లక్షల కోట్లతో పోలిస్తే ఇది వెయ్యి రెట్లు. ఇప్పుడు మొదట చెప్పిన మురికి పొర దగ్గరికి వద్దాం. మూడు నానోమీటర్ల మందం గల హైడ్రోకార్బన్ పొర, 0.3 మిల్లీమీటర్ల వ్యాసార్థం గల రేకు మీద ఉందనుకుంటే, అందులోని హైడ్రోజన్ పరమాణువులన్నిటినీ చివరిదాకా పీల్చుకున్నా కోటి కోట్లకు చేరవు. లేజర్‌ను ఎంత పెంచినా పొరలోని హైడ్రోజన్ ముందే ఖాళీ అవుతుంది, ఆపైన శక్తి కార్బన్‌కో బంగారానికో పోతుంది. కాబట్టి దొరికిన మురికితో సరిపెట్టుకోక, హైడ్రోజన్ దండిగా ఉన్న పూతను కావాలని పుయ్యాలి. ఎర్బియం హైడ్రైడ్ లాంటి పూతలను ఇందుకే పరీక్షించారు. ఎర్బియం బరువైనది కావడంతో అది శక్తిని పెద్దగా పంచుకోదు, హైడ్రోజన్‌కే వదిలేస్తుంది. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది ఇలాంటి మేస్త్రీపనే, దీని గురించి పత్రికల్లో ఎవరూ రాయరు.

పత్రికల్లో వచ్చేది గరిష్ఠ శక్తి రికార్డుల గురించి. డ్రెస్డెన్‌లోని హెల్మ్‌హోల్ట్స్ పరిశోధన కేంద్రం 2024లో లేజర్‌తో 150 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్లను ప్రకటించినప్పుడు అది నిజంగా పెద్ద విజయమే. క్యాన్సర్ చికిత్సకు కావలసిన శక్తి స్థాయిలో అది కీలకమైన మెట్టు. కానీ జ్వలనానికి ఆ రికార్డు ఉపయోగం తక్కువ. అంత శక్తిగల ప్రోటాన్ ఇంధనంలో ఆగకుండా అవతలికి పోతుంది. సంలీనం కోరేది మధ్యస్థ శక్తిగల ప్రోటాన్ల అపారమైన మందను.

మధ్యస్థ ప్రోటాన్లు వద్దనుకుంటే ప్రత్యామ్నాయం కార్బన్. లాస్ అలమోస్‌కు చెందిన హువాన్ ఫెర్నాండెజ్ బృందం ప్రధానంగా ముందుకు తెచ్చిన ఈ ఆలోచనలో ఒక్కో కార్బన్ అయాను 400 నుంచి 500 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు మోస్తుంది. అప్పుడు 18 కిలోజౌళ్ళకు రెండున్నర కోటి కోట్ల అయాన్లు చాలు, ప్రోటాన్లలో తొంభయ్యో వంతు. అన్నీ ఇంచుమించు ఒకే శక్తితో వస్తే ఒకే వేగంతో వస్తాయి. శక్తుల్లో తేడా పది శాతం లోపు ఉంటే, సెంటీమీటరు దూరం నుంచి బయలుదేరినా 20 పికోసెకన్ల గడువు దాటవు. అంటే శంకువు అక్కర్లేదు. గుళిక మళ్ళీ పూర్తి గోళం అవుతుంది. వినడానికి ఇది ప్రోటాన్ కన్నా ఎంతో చక్కటి పరిష్కారం. అయితే ఇందుకు నానోమీటర్లలో కొలిచే అతి పలుచటి రేకులు కావాలి. వాటిలోంచి లేజర్ స్వయంగా దూసుకుపోయే క్షణంలో అయాన్లు పుంజుకుంటాయి, లేదా కాంతి పీడనమే రేకును మొత్తంగా నెట్టుకుపోతుంది. రెండు పద్ధతుల్లోనూ లేజర్ ముందు చీకటి విషయంలో ఇందాక చెప్పిన కట్టుబాటు మరింత కఠినమవుతుంది. ఎక్కువ శక్తి, ఇరుకైన శక్తి విస్తృతి, మంచి మార్పిడి నిష్పత్తి, ఈ మూడూ ఒకే ప్రయోగంలో కలిసిరావడం అన్నిటికన్నా కష్టం.

మార్పిడి నిష్పత్తి అన్న మాట వచ్చింది కాబట్టి జమాఖర్చు కూడా చూద్దాం. లేజర్ శక్తిలో 15 శాతం పనికొచ్చే ప్రోటాన్లుగా మారుతుందనుకుంటే, 18 కిలోజౌళ్ళ ప్రోటాన్లకు 120 కిలోజౌళ్ళ పొట్టి లేజర్ తుళ్ళింత కావాలి. ఇప్పుడు పనిచేస్తున్న పెటావాట్ లేజర్లు ఒక్కో తుళ్ళింతకు కొన్ని వందల జౌళ్ళ నుంచి కొన్ని వేల జౌళ్ళ దాకా ఇవ్వగలవు. అంటే వాటిలో పెద్దవాటిని కూడా ఇంకో పాతిక, యాభై రెట్లు పెంచాలి. ఇది నిర్మాణ సమస్య, భౌతికశాస్త్ర నిషేధం కాదు. గుళికను నొక్కడానికి అయ్యే లేజర్‌ను కూడా కలుపుకొని మొత్తం ఒక మెగాజౌలు అనుకుందాం. ఒక మిల్లీగ్రాము ఇంధనం పూర్తిగా మండితే 340 మెగాజౌళ్ళు వస్తాయి. మూడో వంతు మండినా 110 వస్తాయి. దాన్ని ఆవిరి టర్బైన్‌తో విద్యుత్తుగా మారిస్తే 44 మెగాజౌళ్ళు దక్కుతాయి. లేజర్ తన విద్యుత్తులో పది శాతాన్ని వెలుగుగా మార్చగలిగితే దానికి తిరిగి పది మెగాజౌళ్ళు ఇచ్చి 34 అమ్ముకోవచ్చు. అదే నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ లేజర్ సామర్థ్యంతో లెక్క వేస్తే, అక్కడ 2 మెగాజౌళ్ళ వెలుగుకు 300 మెగాజౌళ్ళ విద్యుత్తు ఖర్చయ్యింది కనుక, మన ఒక మెగాజౌలుకు 150 దాకా కట్టవలసి వస్తుంది. విద్యుత్ కేంద్రం నష్టాల్లో పడుతుంది. డయోడ్లతో వెలిగించే కొత్త తరం లేజర్ల మీద ఈ రంగం ఇంతగా ఆధారపడటం అందుకే. సెకనుకు పది గుళికలు పేల్చే కేంద్రానికి రోజుకు 8,64,000 గుళికలు, అన్ని బంగారు శంకువులు, అన్ని గిన్నె రేకులు కావాలన్నది ఇంకో మాట. ట్రిటియంను లిథియం నుంచి అక్కడికక్కడే పుట్టించుకోవడం వగైరాలు అన్ని సంలీన పద్ధతులకూ ఉన్న బాధలే.

అయాన్ పుంజంతో సంలీనం అనగానే కొందరికి గుర్తొచ్చేది భారీ అయాన్ల సంలీనం. అది వేరే వంశం. అక్కడ మామూలు యాక్సిలరేటర్లతో వేగవంతం చేసిన బరువైన అయాన్లు, నానోసెకన్ల తుళ్ళింతల్లో, గుళికను నొక్కడానికే ప్రధానంగా ఉద్దేశించినవి. ప్రోటాన్లతో బోరాన్‌ను మండించే పరిశోధన కూడా లేజర్ ప్రోటాన్లనే వాడుతుంది గానీ, దాని ఇంధనానికి కావలసిన ఉష్ణోగ్రత ఇంకా చాలా ఎక్కువ. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి రాసిన కథనాలు కనబడతాయి, జాగ్రత్తగా చదవాలి.

ఇప్పటి స్థితి ఏమిటంటే, అయాన్ పుంజంతో సంలీన ఇంధనం అంటుకున్న సందర్భం ఇంతవరకు ఏ ప్రయోగశాలలోనూ లేదు. విడివిడి భాగాలు మాత్రం ఒకటొకటిగా నిలబడ్డాయి. నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో పొట్టి తుళ్ళింతలిచ్చే ఆర్క్ అనే అనుబంధ లేజర్‌తో చేసిన ప్రయోగాల ఫలితాలు 2019లో ప్రచురితమయ్యాయి. పికోసెకన్లలో కాస్త నిడివైన తుళ్ళింతలతో, పెద్దగా కుదించని పుంజంతో, పాత అంచనాలకు మించిన ప్రోటాన్ శక్తి అందులో వచ్చింది. జ్వలనానికి కావలసిన తుళ్ళింతలు కూడా అలా నిడివైనవే కాబట్టి ఇది మంచి కబురు. రోత్ సహ వ్యవస్థాపకుడిగా 2021లో మొదలైన ఫోకస్డ్ ఎనర్జీ అనే సంస్థ, జర్మనీలోని డార్మ్‌స్టాట్, అమెరికాలోని ఆస్టిన్ కేంద్రాలుగా, ప్రోటాన్ జ్వలనాన్నే తన ప్రారంభ లక్ష్యంగా ప్రకటించుకుంది. పెట్టుబడులు రావడం వేరు, ప్రయోగం పండటం వేరు కాబట్టి ఈ వార్తలకు నేను ఇచ్చే విలువ మితమే.

నేను ఎదురుచూసే ఫలితం ఇంకా చిన్నది. ముందుగా నొక్కి దట్టం చేసిన ఇంధనంలోకి, శంకువు కొన దాటి, లెక్కతెలిసిన ప్రోటాన్ ధారను పంపి, అక్కడ ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో న్యూట్రాన్లతో కొలవాలి. కిలోజౌలుకు లోపు ధారతో చేసినా చాలు. ఆ పెరుగుదల అనుకరణలు చెప్పినదానికి సరిపోతే, 18 కిలోజౌళ్ళ దాకా మిగిలేది ఎక్కువగా లేజర్లు కట్టే పనే. సరిపోకపోతే అది ధార విచ్చుకోవడం వల్లనా, వేడి ప్లాస్మాలో ప్రోటాన్ ఆగే తీరు మనం అనుకున్నట్టు లేకపోవడం వల్లనా, శంకువు కొన చెదరగొట్టడం వల్లనా అన్నది అప్పుడు విడదీసి చూడవచ్చు. ఈ మూడింటిలో మొదటిదాన్నే నేను ఎక్కువగా అనుమానిస్తాను.